తట్టని తలుపు

పాస్టరుగారి పక్కన వేసిన కుర్చీలో కూర్చోవడమే తప్పయిపోయింది. వెనకెక్కడో ఆడవాళ్ల చాప మీద ఒక మూలకు ఒదిగి ఉంటే ఎవరి చూపూ పడేది కాదు, పాట అయిపోగానే లేచి కారెక్కేసి ఉండొచ్చు. కానీ డాక్టర్ కృష్ణవేణమ్మ కారు దిగీ దిగకముందే, చనిపోయిన పిల్ల జెస్సీ తల్లి ఏసుమణి ఎదురొచ్చి, "మా ఇంటికొచ్చినావా తల్లీ, ఇంత ఎండలో" అని రెండు చేతులూ పట్టుకుని, నేరుగా తెచ్చి ముందు వరసలో తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చోబెట్టింది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి, ఏ ఆసుపత్రిలో పోగొట్టుకుందో ఆ ఆసుపత్రి పెద్దను పట్టుకుని ఎండ తగిలిందా అని అడగడమేమిటి? తిట్టాలి కదా. దుమ్మెత్తి పోయాలి కదా. బద్వేలు దాటినాక కంకర రోడ్డు మీద కారు ఊగుతున్నంతసేపూ ఆమె మనసులో కూడబెట్టుకున్నదంతా తిట్లకు జవాబే. మర్యాదకు జవాబు ఆమె దగ్గర లేదు. అసలామెకు మర్యాద చేసినవాళ్లు తక్కువ, భయపడినవాళ్లే ఎక్కువ, ఆ రెంటికీ తేడా ఉందని ఈరోజు పొద్దున దాకా ఆమెకు తోచనే లేదు.

షామియానా కింద గాలి ఆడడం లేదు. ఏప్రిల్‌లో ఈ సీమ ఎండ గుడ్డ పందిళ్లను లెక్కచేసే రకం కాదు. డోలక్కు కొట్టే ఆయన చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది, అయినా పాట ఆగడం లేదు, ఆగకపోతేనే మేలనిపించింది ఆమెకు. పాట ఆగితే మాటలు మొదలవుతాయి. ఆమెవాళ్లలో అయితే పెద్దకర్మనాడు పిండం పెట్టి, కాకి ముట్టిందా లేదా చూసి, భోంచేసి ఎవరి దారిన వాళ్లు పోతారు, నోరు తెరవమని ఎవరూ అడగరు. వీళ్ల ఆదరణ కూడిక అట్లా కాదట. పోయినవాళ్లను ఎరిగినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు లేచి సాక్ష్యం చెప్పాలి, ఆ మాటలతో ఇంటివాళ్లకు కాస్త ఊరట కలగాలి. "నువ్వు గూడా రెండు మాటలు చెప్పల్ల తల్లీ, నా బిడ్డను ఆఖరున చూసింది నువ్వే గదా" అంది ఏసుమణి. ఆఖరున చూసింది! చూసి ఉంటే ఈ కూడికే లేదు. చూసి ఉంటే జెస్సీ ఈపాటికి అదిగో ఆ గడప దగ్గర కూర్చుని పాపకు పాలు పడుతూ ఉండేది, పచ్చి బాలింతరాలికి ఎండ తగులుతుందని ఎవరో ముసలమ్మ లోపలికి తరుముతూ ఉండేది, కృష్ణవేణమ్మకు ఈ ఊరొకటుందని కూడా తెలిసేది కాదు. అంతకన్నా భాగ్యం ఏముంటుంది డాక్టరుకు, రోగి ఊరి పేరు తెలియకుండా ఉండడం కన్నా.

పాట అయిపోయింది. బడి పంతులమ్మ లేచింది. జెస్సీ చిన్నప్పటి నుంచీ నవ్వులపోతని, ఆదివారం బడిలో పిల్లలకు కథలు చెబుతూ తనే ముందు నవ్వేదని, మొగుడు ఏసుకుమార్ సిమెంటు లారీ తోలుకుని ఎర్రగుంట్ల నుంచి ఎప్పుడొస్తాడో తెలియక, ఏ లారీ హారన్ విన్నా వీధిలోకి ఉరికేదని చెబుతోంది. నవ్వులపోతు, నిజమే. ఆపరేషను గదిలో బల్ల మీద పడుకోబెట్టినాక కూడా ఆ పిల్ల నోరు ఊరుకుంటేనా. "మేడమ్, మీరే చేస్తారు గదా? మీరుంటే నాకు భయం లేదు" అంది. అంటే మత్తు డాక్టరు ముసుగులోనే నవ్వాడు, నర్సులు మాత్రం ఊపిరి బిగబట్టారు, పెద్ద డాక్టరమ్మ ఏమంటుందోనని. ఆమె తిట్టలేదు. పాపను తీసి చూపించినప్పుడు, "నీ మాదిరే ఉంది, నోరు మూయడం లేదు" అంది. అది ఆమె పరాచికం. ఏడాదికొకటి కూడా రాదు అట్లాంటిది. ఆ ఆసుపత్రి మొత్తంలో ఆమెంటే భయం లేని మనిషి ఆ పొద్దు ఒక్క జెస్సీయే, ఆ ఒక్క మనిషినే ఆ భయం తినేసింది.

వద్దు, ఇప్పుడు ఏడవకూడదు. డాక్టర్లు ఏడిస్తే జనానికి అనుమానం వస్తుంది. ఆసుపత్రి ట్రస్టు ఛైర్మను భూపేష్ కూడా అదే చెప్పాడు, నిన్నగాక మొన్న వాళ్ల నాన్న కుర్చీలో కూర్చున్న కుర్రాడు, అప్పుడే అన్ని లౌక్యాలూ వచ్చేశాయి. "పోండి మేడమ్, కనపడి రండి. రెండు మంచిమాటలు చెప్పండి, అంతకు మించి వద్దు. నర్సు చూడలేదు, నర్సును తీసేసినాం, వాళ్లకూ చెప్పినాం, అయిపాయ." అయిపోయింది. ఆ నర్సు కృపమణిని తీసేస్తూ సంతకం పెట్టింది కృష్ణవేణమ్మే. ఆ అమ్మాయిని గదిలోకి పిలిపించి "కళ్ల ముందు మనిషి పోతుంటే నన్నెందుకు పిలవలేదు?" అని అడిగింది కూడా. అరిచింది అనాలి, అడిగింది అనకూడదు. కృపమణి తల వంచుకుని "సారీ మేడమ్" అంది. తప్పు చేసినవాళ్లే కదా సారీ చెప్పేది అనుకుంది కృష్ణవేణమ్మ. తన దగ్గర తప్పు చేయనివాళ్లు కూడా ఆ మాటే చెబుతారని, అది చెబితే తొందరగా గది బయట పడొచ్చని అందరికీ తెలుసని, ఆమెకు ఎవరు చెబుతారు? పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

కట్టినవాడు చివరికి డ్రైవరు బొజ్జన్న. అదీ ఈ పొద్దున, మైదుకూరు దాటినాక. ఏళ్ల తరబడి ఆమె కారు తోలుతున్నాడు, అడిగితే తప్ప నోరు విప్పడు, అట్లాంటివాడు ఉన్నట్టుండి "అమ్మా, ఒక మాట చెప్తా, పనిలో నుంచి తీసేసినా సరే" అన్నాడు. "ఆ పాప కృపమణి తప్పు లేదమ్మా. నేనే ఆపినా. ఆ పొద్దు మీటింగు గది వాకిలి కాడ నేనే గదా కూర్చోనుండేది. ఆయమ్మ ఉరుక్కుంటా వచ్చింది. అన్నా, పొద్దున కానుపైన బాలింత దాహం దాహం అంటాండాది, నాడి శానా వడిగా కొట్టుకుంటాండాది, మేడమ్‌ను పిలవల్ల అనింది. ఇప్పుడొద్దు పాపా, పొద్దున గేటు కాడ చెత్త చూసి అమ్మ అగ్గి మీద గుగ్గిలమైండాది, ఇప్పుడు తలుపు తడితే నీ ఉద్యోగం పోతాది, కొంచేపు ఆగు అని నేనే అన్నా. మళ్లా వచ్చింది. మళ్లా ఆపినా." ఆమె గొంతు అలవాటు కొద్దీ లేచింది: "ఆపడానికి నువ్వెవరు?" ఆ మాటకు స్టీరింగు మీద అతని భుజాలు ముడుచుకుపోవడం చూసింది. ఎన్నేళ్లుగానో ముడుచుకుంటూనే ఉన్నాయేమో, ఆమె వెనక సీట్లో కూర్చుని ఫోను చూసుకునే మనిషి, ఎప్పుడు కనబడతాయి? "నేనెవర్నమ్మా, ఎవరూ కాదు. పొద్దున్నే నర్సమ్మలంతా నన్నే అడుగుతారు, ఈ పొద్దు అమ్మ ఎట్లుండాది బొజ్జన్నా అని. బాగుంటే మీ కాడికి వచ్చి అన్నీ చెప్పుకుంటారు. బాగలేదంటే వాళ్లలో వాళ్లే ఏందో ఒగటి చేసుకుంటారు." ఇన్ని మిషన్లు కొనిపించింది ఆమె, మంచం మంచానికీ ఒకటి, నాడి చూసేది, బీపీ చూసేది, ఏ కాస్త తేడా వచ్చినా కూత పెట్టేది. ఇన్నీ ఉంచుకుని ఆ పిల్లలు రోగి నాడి కన్నా ముందు ఆమె నాడి చూసుకుంటూ వచ్చారు.

ఇంతకీ ఆ గదిలో ఏం జరుగుతోంది అప్పుడు? ఆసుపత్రికి నాణ్యత పత్రం ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి వచ్చిన తనిఖీవాళ్లకు ఆమె తెర మీద బొమ్మలు చూపిస్తోంది. మా దగ్గర శుభ్రత ఇట్లా, మా దగ్గర క్రమశిక్షణ ఇట్లా, ఎవరూ కుర్చీలో వాలి కూర్చోరు, ఎవరూ ఫోను పట్టుకోరు. అడిగితే ఠక్కున జవాబు చెప్పాలని డ్యూటీ డాక్టర్లందరినీ తెచ్చి వెనక గోడ వెంబడి నిలబెట్టింది. అందరినీ. వార్డులో ఒక్క డాక్టరు కూడా మిగలకుండా. మధ్యలో ఎవరూ తలుపు తట్టడానికి వీల్లేదని హుకుం. తనిఖీకి వచ్చిన పెద్దాయన ఏదో చమత్కారంగా అంటే అందరూ నవ్వారు, జీడిపప్పు ప్లేటు ఆమె తన చేత్తోనే ఆయన ముందుకు జరిపింది. అదే వేళకు గోడకు అవతల ఆ పిల్ల కడుపులో నెత్తురు కారుతూ ఉంది. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? కోత కోసిన చోట లోపల ఏదో చిన్న నెత్తురు నరానికి వేసిన ముడి ఊడి ఉంటుంది. ఎవరి చేతిలోనైనా జరుగుతుంది, ఆమె చేతిలోనూ ఇంతకు ముందు జరిగింది, వెంటనే కనిపెట్టి మళ్లీ బల్ల మీదికి ఎక్కించి కట్టేసి వచ్చి భోంచేసిన రోజులున్నాయి. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది, గొడ్డలికి కూడా అందకుండా పోయింది. తలుపు తెరిచి నవ్వుకుంటూ బయటికి వచ్చేసరికి కృపమణి నేల మీద కూర్చుని ఉంది, వార్డులో జెస్సీ అప్పటికే పోయింది.

ఎందుకు తట్టలేదే పిల్లా, ఒక్కసారి తట్టి ఉంటే నేనేమన్నా మింగేస్తానా, అని ఇప్పుడనిపిస్తోంది. చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పోయిన నెలలో ఇదే కృపమణి, ఆపరేషనయిన ఒకామె గజగజ వణికిపోతోందని ఫోను చేస్తే కృష్ణవేణమ్మ భోజనం మధ్యలో లేచి వచ్చింది. చూస్తే ఏమీ లేదు, మత్తు దిగేటప్పుడు వచ్చే మామూలు చలి. నెమ్మదిగా చెప్పి పోవచ్చు. చెప్పలేదు. "వణికితే దుప్పటి కప్పుతారు. దానికి సూపరింటెండెంటు కావాల్నా? ఎవరు పాస్ చేసినారు నిన్ను?" అని వార్డంతా వినబడేట్టు అంది, రోగుల చుట్టాలు కిసుక్కుమన్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా. ఆ నోరు ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. కర్నూలు అవతల వాళ్ల ఊళ్లో నాన్న అరిస్తే పక్క చేలో కూలీలు కూడా నడుము వంచేవాళ్లు. భయం లేనిదే పని జరగదమ్మా అనేవాడు. ఆయన మధ్యాహ్నం పడుకుంటే లేపే మొగోడు ఊళ్లో లేడు. ఒకసారి కళ్లంలో వేరుశనగ కుప్పలుండగా మబ్బు కమ్మింది, పాలేర్లు అరుగు కింద నిలబడి నువ్వు లేపంటే నువ్వు లేపని ఒకరినొకరు తోసుకుంటుండగానే వాన కొట్టేసింది, కాయంతా మొలకెత్తిపోయింది. నాన్న నెత్తి కొట్టుకున్నాడు, తర్వాత వాళ్లను కొట్టాడు. ఎందుకు లేపలేదో తెలివితక్కువ వెధవలు అనుకుంది అప్పటికింకా గౌన్లు వేసుకునే చిన్నపిల్ల కృష్ణవేణి. తెలివితక్కువది ఎవరో తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ పొద్దు పోయింది శనక్కాయలే. నాన్న అదృష్టవంతుడు.

"ప్రార్థన చేసుకుందాం" అన్నారు పాస్టరుగారు. అందరూ కళ్లు మూసుకున్నారు. మూసుకోవాలో వద్దో తెలియక ఆమె తెరుచుకునే ఉంది. కళ్లు మూసుకున్న మనుషులను అట్లా దగ్గరగా చూడడం ఆపరేషను బల్ల మీద తప్ప ఆమెకు అలవాటు లేదు. ఏసుకుమార్ ముందు వరసలో మోకాళ్ల మీద ఉన్నాడు, కొత్త తెల్ల చొక్కా, మెడ దగ్గర మడత కూడా విప్పలేదు. ఏసుమణి కొంగు తలమీదికి లాక్కుని, పక్కనే చాప మీద పడుకోబెట్టిన పాపకు చూడకుండానే విసురుతోంది. పాస్టరుగారు జెస్సీ కోసం ప్రార్థించారు, తల్లి లేని పాప కోసం ప్రార్థించారు. తర్వాత "మన కూతురు కోసం ప్రయాసపడిన ఈ డాక్టరమ్మ చేతులను దీవించు తండ్రీ" అన్నారు. జనమంతా ఆమెన్ అన్నారు. ఆ చేతులు ఒళ్లో ఉన్నాయి, ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. అంతటితో అయిపోలేదు. ఏసుమణి కళ్లు తెరవకుండానే మధ్యలో అందుకుంది: "ఆ నర్సమ్మను గూడా క్షమించయ్యా. నా నోటితో ఆ బిడ్డను శానా శాపనార్థాలు పెట్టినా. ఆయమ్మ కడుపున బిడ్డలుండారో ఏమో. నా శాపం వాళ్లకు తగలకుండా చూడయ్యా." ఈ తల్లి చేయని తప్పుకు ఒకరిని క్షమిస్తోంది, చేసినామెను తువ్వాలు పరిచి కూర్చోబెట్టింది. ఊరుకుంటే చాలు. ఏమీ అబద్ధం చెప్పక్కర్లేదు. దేవుడి చిత్తం అని ఒక మాట, మంచి పిల్ల అని ఒక మాట, నమస్కారం. సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. కృపమణి ఎక్కడో ఒక చోట మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటుంది, దొరికినా దొరకకపోయినా. ఇంకొక్క రెండేళ్లయితే పదవీ విరమణ, శాలువాలు, దండలు.

"ఇప్పుడు మన డాక్టరమ్మగారు" అన్నారు పాస్టరుగారు. ఆమె లేచింది. మైకు వేడిగా ఉంది. ఏం చెప్పబోతోందో చెప్పేదాకా ఆమెకే తెలియదు. "ఆ నర్సు తప్పు లేదు" అంది. "తప్పు నాది." "స్తోత్రం" అన్నారు జనం. ఆమె తడబడింది. వాళ్లకు వినబడలేదేమో అనుకుని గట్టిగా అంది: "నా మూలాన్నే జెస్సీ చనిపోయింది. నేను మంచి మనిషిని కాదు." "దేవునికి స్తోత్రం" అన్నారు ఇంకా గట్టిగా, వెనక చాపల మీద ఎవరో ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. పాస్టరుగారు చేయెత్తి, "చూడండి, ఎంత పెద్దమ్మ, ఎంత చదువు, అయినా ఎంత తగ్గింపు మనసో చూడండి" అన్నారు. అప్పుడర్థమైంది ఆమెకు. సాక్ష్యం చెప్పే ప్రతివాళ్లూ నేను పాపినే అంటారు కాబోలు, అది ఇక్కడ పలకరింపు లాంటిది, ఆమె కూడా పద్ధతి తెలిసిన మనిషి లాగా పలకరించింది, అంతే. చెప్పేసింది. ఎవరికీ తగల్లేదు. ఇప్పుడు కూర్చున్నా అబద్ధం ఆడినట్టు కాదు, భూపేష్ అడిగినా చెప్పుకోవచ్చు, దేవుడడిగినా చెప్పుకోవచ్చు, చెప్పాను స్వామీ, వాళ్లే స్తోత్రం అన్నారు. ఎంత తేలిక! నిజంగానే సగం వంగింది కుర్చీ వైపు. వంగినప్పుడు కనబడింది, ఏసుమణి స్తోత్రం అనడం లేదు. విసనకర్ర ఆపేసి ఆమెనే చూస్తోంది, ఏదో అర్థం చేసుకోవాలని చూస్తోంది.

కృష్ణవేణమ్మ మళ్లీ నిటారుగా నిలబడి, ఈసారి ఆసుపత్రిలో రోగి తాలూకు మనుషులకు చెప్పినట్టు, ముక్క ముక్కగా చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం నేను మీటింగులో ఉన్నాను. డాక్టర్లందరినీ నా దగ్గరే పెట్టుకున్నాను. నర్సు కృపమణికి మీ బిడ్డ సంగతి అర్థమైంది, నన్ను పిలవడానికి గది దాకా వచ్చింది. తలుపు తడితే నేను అందరి ముందూ తిడతానని భయపడింది. అంతకు ముందు తిట్టాను. అందుకని తట్టలేదు. తలుపు అవతలే నేనున్నాను. జనం ఈసారి ఏమీ అనలేదు. పాస్టరుగారు మైకు కోసం చేయి చాచి మళ్లీ తీసేసుకున్నారు. ఏసుకుమార్ తల పైకెత్తి, ఎవరైనా తనకు వివరంగా చెబుతారేమోనని అటూ ఇటూ చూస్తున్నాడు.

"అంటే, ఆ బిడ్డ తలుపు తట్టింటే," ఏసుమణి కూర్చున్న చోటి నుంచే అడిగింది, గొంతులో కోపం కూడా లేదు, తెలుసుకుందామనే ఉంది, "నువ్వు వచ్చింటే, నా జెస్సీ బతికేదా తల్లీ?"

డాక్టర్లకు ఈ ప్రశ్నకు చెప్పే జవాబులు చాలా ఉన్నాయి. చెప్పలేమమ్మా, కొన్ని మన చేతుల్లో ఉండవు, కొందరి శరీర తత్వం. అవన్నీ ఆమె ఎన్నోసార్లు చెప్పినవే, కొన్నిసార్లు నిజం కూడా.

"బతికేదమ్మా" అంది.

ఏసుమణి తల ఆడించింది. చాప మీది పాపను ఎత్తి ఒళ్లో వేసుకుని, డాక్టరమ్మకు వీపు తిప్పి కూర్చుంది.